పాత ఇంటి మరమ్మతుల్లో మీటరు, డీబీ, స్విచ్ బోర్డుల చోటు మార్చడం ఎలా

ముప్పై నలభై ఏళ్ల కిందట కట్టిన ఇంటిని బాగుచేయించాలనుకున్నప్పుడు మన ఆలోచన ముందుగా గచ్చు మీదికి, వంటగది మీదికి, గోడల రంగుల మీదికి పోతుంది. కరెంటు పని మాత్రం చివర్లో ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడులే అన్న మాటతో వాయిదా పడుతుంది. కానీ హాలుకూ భోజనాల గదికీ మధ్యనున్న గోడ తీసేసినా, వంటగదిని వెనక్కి జరిపినా, ముందు వరండాను గదిగా మూసినా, ఆ గోడలలో ఉన్న పైపులు, బోర్డులు, మీటరు, డీబీ (కరెంటును ఒక్కొక్క లైనుకు పంచే డిస్ట్రిబ్యూషన్ బోర్డు), ఎర్తు తీగ (లీకైన కరెంటును నేలలోకి పంపేది) చోటు మారక తప్పదు. చోటు మార్చడమంటే ఉన్న వైరుకు ఇంకో ముక్క అతికి కొత్త గోడ దాకా లాగడం కాదు. ఆ పాయింటుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో అక్కడి దాకా వెనక్కి వెళ్లి, ఆ దారి మొత్తాన్ని కొత్తగా వేయించడం. గోడ లోపల దాగిన అతుకు గిలాబు కింద ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వేడెక్కుతూ ఉంటుంది కాబట్టి, ఖర్చు తగ్గించుకోవడానికి వెతకగూడని చోటు అది.

ఈ పని ఇంటివాళ్లు స్వయంగా చేసేది కాదు. కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనల ప్రకారం వైరింగులో మార్పులు, చేర్పులు లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు ద్వారా, యోగ్యతా పత్రం ఉన్న వ్యక్తి పర్యవేక్షణలో జరగాలి. అయితే ఏ గోడ మీద ఏం కావాలో నిర్ణయించవలసింది, పని ఏ వరుసలో సాగాలో చూడవలసింది, గోడ మూసే ముందు ఫోటోలు తీయించవలసింది ఇంటి యజమానే. అందుకే ఇక్కడ చెప్పేది పని చేయించేవారి వైపు నుంచి చెబుతున్నాను.

కొట్టడానికి ముందు గీయాలి

తాపీ మేస్త్రి సుత్తి పట్టుకోకముందే ఉన్న వైరింగు పటం ఒకటి కాగితం మీదికి ఎక్కాలి. పాత ఇళ్లలో మెయిన్ బోర్డు మీద పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు వరుసగా ఉంటాయి. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేసి ఉంచి, ఎలక్ట్రీషియన్ చేత ఒక్కొక్క ఫ్యూజు తీయిస్తూ ఏ గదిలో ఏవి ఆగాయో రాసుకుంటే అరపూటలో ఏ లైను ఎక్కడికి వెళుతుందో తేలిపోతుంది. అన్ని ఫ్యూజులూ తీశాక కూడా ఏదైనా లైటు వెలుగుతుంటే అది ఇన్వర్టరు లైనో, ఎవరో మధ్యలో నేరుగా కలిపిన లైనో అయి ఉంటుంది. దాని మూలం దొరికేదాకా ఆ గోడ జోలికి పోకూడదు.

వైరు ఏ రకమో కూడా ఇప్పుడే చూడాలి. పాత ఇళ్లలో టేకు బద్దల మీద పరచిన వైరింగు, అల్యూమినియం తీగలు ఇప్పటికీ కనిపిస్తాయి. అల్యూమినియం తీగను కొత్త రాగి తీగతో మెలివేసి టేపు చుడితే ఆ రెండు లోహాల మధ్య తుప్పు పట్టి, అతుకు వదులై, అక్కడే నిప్పు పుడుతుంది. అల్యూమినియం కనిపించిన లైనును డీబీ నుంచి చివరిదాకా పూర్తిగా రాగికి మార్చించడమే సరైన పద్ధతి, అందులో బేరం వద్దు.

తరువాత కొత్త ఇంటి పటం. ఫర్నిచరు ఎక్కడ పెడతారో తేలకుండా స్విచ్ బోర్డుల చోటు తేల్చకూడదు. బీరువా వెనక పడిన సాకెట్టు, తలుపు తీస్తే దాని వెనక దాగిపోయే బోర్డు, మంచానికి నాలుగు అడుగుల దూరంలో పడిన చార్జింగ్ పాయింటు, వీటన్నిటికీ కారణం ఈ తొందరే. కాగితం మీద ఒప్పుకున్నాక గోడల మీద సుద్దతో నిజమైన కొలతలో గీయించి, ఇంట్లోవాళ్లందరినీ, ముఖ్యంగా వంట చేసేవారినీ పెద్దవాళ్లనూ పిలిచి చూపించండి. స్విచ్ బోర్డు సాధారణంగా నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తులోను, టీవీ కింది సాకెట్లు అడుగు ఎత్తులోను, ఏసీ పాయింటు ఏడడుగుల పైన పెడతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారి గదిలో సాకెట్టును రెండడుగులకు పెంచితే వాళ్లు వంగే బాధ తప్పుతుంది.

మీటరు మనది కాదు

వరండాను గదిగా మార్చేటప్పుడు మీటరు ఇంటి లోపల పడిపోతుంది కాబట్టి దాన్ని ప్రహరీ గోడకో, బయటి గోడకో మార్చాలి. మీటరును ఆగ్నేయ మూలకు మార్చాలన్న కోరిక కూడా మన ఇళ్లలో తరచూ వస్తుంది. మార్చుకోవచ్చు, కానీ స్తంభం ఎటువైపు ఉందో, సర్వీసు వైరు ఎవరి మేడ మీదుగా రావాలో, రీడింగు తీసేవారు గేటు తీయకుండా చూడగలరో లేదో, వాన జల్లు పడుతుందో లేదో చూసుకున్న తరువాత.

మీటరు, దానికి వేసిన సీలు, దాని ముందుండే సర్వీసు వైరు డిస్కమ్ (కరెంటు సరఫరా చేసే సంస్థ) అధీనంలో ఉంటాయి. సీలు తెంపి మనంతట మనమే మీటరును జరపడం 2003 విద్యుత్ చట్టం 138వ సెక్షన్ కింద నేరం. దానికి మూడేళ్ల దాకా జైలు గానీ, రూ. 10,000 దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. తెలంగాణలో ఎస్పీడీసీఎల్, ఎన్పీడీసీఎల్, ఆంధ్రప్రదేశ్‌లో ఈపీడీసీఎల్, సీపీడీసీఎల్, ఎస్పీడీసీఎల్ పరిధిలో ఎక్కడ ఉన్నా, తాజా బిల్లు, సర్వీసు నంబరు పట్టుకుని మీ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కార్యాలయంలో మీటరు షిఫ్టింగ్ దరఖాస్తు ఇవ్వాలి. బకాయిలు లేకుండా చూసుకోవాలి. వారు వచ్చి చోటు చూసి, ఎస్టిమేటు ఇచ్చి, సొమ్ము కట్టాక తమ సిబ్బంది చేతనే మార్పిస్తారు. ఇందుకు పట్టే సమయం మన చేతిలో ఉండదు కాబట్టి గోడ పని మొదలు కావడానికి చాలా ముందే దరఖాస్తు పడాలి. మేడ మీద సోలారు పలకలుండి నెట్ మీటరు ఉంటే ఆ సంగతి దరఖాస్తులోనే రాయాలి.

ఇంటిని ముందుకు పెంచుతున్నా, పైన గది వేస్తున్నా వీధి లైన్ల దూరం కూడా కొలవండి. తక్కువ వోల్టేజీ లైను ఇంటి గోడకు పక్కగా 1.2 మీటర్లు, చదును కప్పు పైన 2.5 మీటర్ల దూరం ఉండాలి. 11 కె.వి. లైనయితే పక్కగా 1.2 మీటర్లు, పైన 3.7 మీటర్లు. ఆ దూరం లేకపోతే బాల్కనీ వేయకూడదు. లైను జరిపించుకోవడానికి డిస్కమ్‌కు దరఖాస్తు పెట్టి, జరిగాకనే సెంట్రింగ్ కొట్టించాలి. ఇనుప కమ్మీలు పైకెత్తేటప్పుడు లైనుకు తగిలి కూలీలు ప్రాణాలు పోగొట్టుకునే ప్రమాదాలు ఈ దశలోనే జరుగుతాయి.

లోడు లెక్క, కొత్త డీబీ

పాత ఇల్లు కట్టినప్పుడు నాలుగు ఫ్యాన్లు, పది బల్బులు, ఒక ఫ్రిజ్జు లెక్కలో ఉండేవి. ఇప్పుడు ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు ఉంటే సుమారు 3.4 కిలోవాట్లు, 2 కిలోవాట్ల గీజర్లు రెండు ఉంటే 4 కిలోవాట్లు, ఇండక్షన్ పొయ్యి 2 కిలోవాట్లు, ఒక హెచ్‌పీ బోరు మోటారు ఇంచుమించు 1 కిలోవాట్. ఇవే 10.4 కిలోవాట్లయ్యాయి. అన్నీ ఒకేసారి నడవవు, నిజమే. కానీ డిసెంబరు ఉదయం రెండు గీజర్లు, పొయ్యి, మోటారు కలిసి నడవడం ప్రతి ఇంట్లోనూ జరిగేదే. 10.4 కిలోవాట్లు సింగిల్ ఫేజు మీద పడితే 230 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లు దాటుతుంది. త్రీ ఫేజులో సమంగా పంచితే ఒక్కో ఫేజు మీద 15 ఆంపియర్లే. బిల్లు మీద రాసి ఉండే కాంట్రాక్టెడ్ లోడు చాలకపోతే, మీటరు షిఫ్టింగుతో పాటే లోడు పెంపు కూడా అడగడం మంచిది.

డీబీ చోటు ఎంచుకునేటప్పుడు ఒక్కటే ప్రశ్న వేసుకోవాలి: అర్ధరాత్రి పొగ వస్తే చీకట్లో దాని దగ్గరికి నేరుగా నడిచి వెళ్లగలమా? స్నానాల గది గోడ, సింకు పైభాగం, గ్యాసు పొయ్యి పైన, బట్టల బీరువా లోపల, సామాన్లు పేర్చే మెట్ల కింది గూడు, ఇవేవీ డీబీకి తగిన చోట్లు కావు. హాలులోనో, నడవలోనో, కంటి ఎత్తులో ఉండాలి. అలంకరణ కోసం దాని ముందు చెక్క పలక బిగించే అలవాటు ఈ మధ్య పెరిగింది. అది వద్దని ఇంటీరియర్ పనివారికి ముందే గట్టిగా చెప్పండి.

పాత మెయిన్ బోర్డులలో న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే తీగకు) కూడా ఫ్యూజు పెట్టిన ఇళ్లు ఉన్నాయి. అది తప్పనిసరిగా పోవాలి. న్యూట్రల్ ఫ్యూజు ఒక్కటే పోతే ఇంట్లో ఏదీ పనిచేయదు, కానీ బోర్డులలో ఫేజు (కరెంటు తెచ్చే తీగ) సజీవంగానే ఉంటుంది. కరెంటు లేదనుకుని చేయి పెట్టినవారికి షాకు కొడుతుంది. త్రీ ఫేజు ఇంట్లో న్యూట్రల్ తెగితే ఇంకో ప్రమాదం: 230 వోల్టుల పరికరాల మీద 400 వోల్టుల దాకా పడి టీవీ, ఫ్రిజ్జు కాలిపోతాయి. అందుకే కొత్త డీబీలో న్యూట్రల్ బిగింపును రెండుసార్లు చూడాలి.

కొత్త డీబీలో ప్రతి లైనుకు ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్చు), వాటి ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి లీకయితే పడిపోయే స్విచ్చు) ఉండాలి. ఇంటి కనెక్షన్లకు ఎర్త్ లీకేజీ రక్షణ 30 మిల్లీ ఆంపియర్లను మించకూడదన్నది నిబంధన. ఇంటికంతటికీ ఒకటే ఆర్‌సీసీబీ పెట్టకుండా, వంటగది, స్నానాల గదులకు ఒకటి, మిగతా ఇంటికి ఒకటి పెట్టిస్తే, గీజరులో లీకేజీ వచ్చిన రాత్రి ఇల్లంతా చీకటి కాదు. ఆర్‌సీసీబీ షాకు నుంచి కాపాడుతుంది గాని ఓవర్‌లోడును ఆపదు, ఎంసీబీ ఓవర్‌లోడును ఆపుతుంది గాని షాకును గుర్తించదు. రెండూ ఉండవలసిందే.

గోడలో గాడి, స్లాబులో పైపు

గాడి కొట్టడంలో జరిగే తప్పులు గిలాబు కింద దాగిపోతాయి గనుక ఇక్కడ ఇంటి యజమాని దగ్గరుండాలి. ఇటుక గోడలో నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు, అడ్డ గాడి లోతు ఆరో వంతు మించకూడదు. తొమ్మిది అంగుళాల గోడలో ఇది ఇబ్బంది కాదు. నాలుగున్నర అంగుళాల గోడ మందం సుమారు 115 మి.మీ.; అందులో నిలువుగా 38 మి.మీ. దాకా పోవచ్చు, అడ్డంగా 19 మి.మీ. మాత్రమే. 20 మి.మీ. పైపే అందులో పట్టదు. కాబట్టి అరగోడలలో అడ్డ గాడి పూర్తిగా మానేసి, పైపును కప్పు దాకా నిలువుగా తీసుకుపోయి, పైన తిప్పి, మళ్లీ నిలువుగా దింపాలి. పైపు పొడవు పెరుగుతుంది, గోడ బలం నిలుస్తుంది. ఇదే పద్ధతిలో ఇంకో మేలుంది: వైరు ఎప్పుడూ బోర్డుకు సరిగ్గా పైనో కిందో ఉంటుందని తెలిస్తే, రేపు గోడకు మేకు కొట్టేవారు దాన్ని తప్పించగలుగుతారు.

స్తంభాలను, దూలాలను ముట్టనివ్వకూడదు. స్లాబులోని పైపులు కాంక్రీటు పోసే ముందు పరచినవి. వాటిని జరపడం సాధ్యం కాదు, కొత్తవాటి కోసం స్లాబు అడుగు చెక్కితే ఇనుము బయటపడి తుప్పు పడుతుంది. ఫ్యాను చోటు మార్చాలంటే ఫాల్స్ సీలింగ్ వెనక పైపు పోనివ్వాలి, అది లేకపోతే కప్పు అంచున పీవీసీ కేసింగ్ వేయించాలి. ఫ్యాను బరువును ఫాల్స్ సీలింగ్ మీద వేలాడదీయకుండా స్లాబులోకి దించిన కొక్కేనికే బిగించాలి.

గాడి కొట్టడానికి చేతి సుత్తి కన్నా రెండు బ్లేళ్ల కట్టరు మేలు, ఇటుకలు కదలవు. పైపు బిగించాక సిమెంటు మాలుతో మూసి, దాని మీద కోడి వల పరచి, గిలాబు చేసి, నీళ్లు కట్టాలి. కోడి వల లేని చోట ఏడాది తిరక్కముందే పైపు దారి పొడుగునా బీట కనిపిస్తుంది. మూసే ముందు ప్రతి గోడకు, టేపు ఆనించి కొలత కనబడేటట్టు, ఫోటో తీయండి. వైర్లు గిలాబు ఆరిన తరువాతే లాగాలి.

వైర్లు, న్యూట్రల్, దూరం

లైట్లు, ఫ్యాన్లకు 1.5 చదరపు మి.మీ., మామూలు సాకెట్లకు 2.5, ఏసీ, గీజరు, ఇండక్షన్ పొయ్యిలకు 4 చదరపు మి.మీ. రాగి వైరు, వాటిలో ఒక్కొక్క దానికి సొంత లైను, సొంత ఎంసీబీ. చోటు మార్చేటప్పుడు దూరం పెరుగుతుందన్న విషయం మరవకూడదు. డీబీ నుంచి 20 మీటర్ల దూరంలో 16 ఆంపియర్లు లాగే పాయింటుకు 1.5 చదరపు మి.మీ. వైరు వేస్తే దారిలోనే 9 వోల్టుల పైన పోతుంది, 2.5 వేస్తే 6 లోపు, 4 వేస్తే మూడున్నర. పోయిన వోల్టులు వైరులో వేడిగా మారతాయి.

ఒక లైను ఫేజుకు ఇంకో లైను న్యూట్రల్ కలపడం మన వైరింగులో బాగా పాతుకుపోయిన తప్పు. ఫ్యూజుల కాలంలో అది బయటపడలేదు. ఆర్‌సీసీబీలు రెండు పెట్టగానే, వెళ్లిన కరెంటు తన దారిన తిరిగి రాలేదు గనుక, కారణం తెలియకుండా ట్రిప్పవుతూ ఉంటుంది. అప్పుడు కొందరు ఆర్‌సీసీబీనే తీసేస్తారు. తీయవలసింది దాన్ని కాదు, కలిసిన న్యూట్రల్‌ను. ఇన్వర్టరు లైనుకు కూడా ఫేజు, న్యూట్రల్ రెండూ విడిగా రావాలి.

వంటగదిలో సాకెట్లు గట్టు మీద అరడుగు, ముప్పావడుగు ఎత్తులో, సింకుకు, పొయ్యికి దూరంగా రావాలి. గ్యాసు గాలి కన్నా బరువైనది, లీకయితే నేల మీద పరచుకుంటుంది; కాబట్టి సిలిండరు ఉండే గట్టు కింది అరలో సాకెట్టు గానీ స్విచ్చు గానీ పెట్టకూడదు. స్నానాల గదిలో గీజరు సాకెట్టు షవరు తడి పడే చోటికి కనీసం రెండడుగుల దూరంలో, ఎత్తుగా ఉండాలి. స్విచ్చు తలుపు బయట ఉండడం ఇంకా మేలు.

ఎర్తింగ్

పార్కింగు చోటులో కొత్త టైల్స్ వేసేటప్పుడు ఎర్త్ పిట్టు (ఎర్తు తీగ నేలలో కలిసే గుంట) మూత మీద కూడా టైల్సు పరచిన ఇంటిని నేను చూశాను. ఎర్తు తీగ గోడ పనిలో తెగిపోయింది, ఎవరికీ తెలియలేదు. వాషింగ్ మెషీను ముట్టుకుంటే చిమచిమలాడుతోందని ఇల్లాలు చెప్పాక వెతికితే గాని బయటపడలేదు. మరమ్మతుల్లో అందరి కన్నా ముందు తెగేది, అందరి కన్నా చివర్లో గుర్తొచ్చేది ఎర్తు తీగే.

డీబీ చోటు మారితే ఎర్తు తీగ కూడా పిట్టు నుంచి కొత్త డీబీ దాకా అతుకు లేకుండా రావాలి. పాత పిట్టు ఇంటి విస్తరణలో పడిపోతే కొత్తది తవ్వించాలి. పునాదికి కనీసం 1.5 మీటర్ల దూరంలో, 2.5 మీటర్ల పొడవు గల జీఐ పైపును నిలువుగా దింపడం సాధారణ పద్ధతి. హైదరాబాదు వంటి రాతి నేలల్లో, రాయలసీమ ఎండల్లో నేల పొడిబారితే ఎర్తు నిరోధం పెరుగుతుంది గనుక, నీళ్లు పోయడానికి గొట్టం, తీసి చూడటానికి మూత ఉండాలి. ఎర్త్ టెస్టరుతో కొలిస్తే 5 ఓములలోపు రావాలని కాంట్రాక్టరుకు చెప్పండి. ఇంట్లోని ప్రతి సాకెట్టుకు, ప్రతి లోహపు పెట్టెకు ఆకుపచ్చ తీగ చేరాలి. నీళ్ల పైపుకు కట్టి ఎర్తు అనిపించడం ఒప్పుకోవద్దు.

పని నడుస్తుండగా

చాలామంది సగం ఇంట్లో ఉంటూనే పని చేయిస్తారు. అలాంటప్పుడు మీటరు తరువాత చిన్న తాత్కాలిక డీబీ ఒకటి, ఆర్‌సీసీబీతో సహా, పెట్టించి, ఉంటున్న గదులకు, పనివారి కట్టర్లకు దాని నుంచే కరెంటు ఇవ్వాలి. పాత లైన్లను మీటరు దగ్గరే పూర్తిగా విడదీయాలి. ఇక గోడలలో ఏముందో అన్న భయం ఉండదు. మెయిన్ ఆపినా ఇన్వర్టరు లైనులో కరెంటు ఉంటుందని తాపీవారికి తెలియదు. ఇన్వర్టరును ఆపి, బ్యాటరీ తీగలు కూడా విప్పించండి. టెస్టరును నమ్మే ముందు దాన్ని కరెంటు ఉన్న చోట వెలిగించి చూసి, తరువాత ఆపిన లైను మీద పెట్టి, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడాలి, ఎందుకంటే పాడైన టెస్టరు కూడా వెలగదు.

కరెంటు ఇచ్చే ముందు

వైర్లన్నీ బిగించాక, బల్బులు, పరికరాలు తీసేసి 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే పరికరంతో) ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య, ఆ రెండింటికీ ఎర్తుకు మధ్య ఇన్సులేషన్ కొలిపించాలి. ఒక మెగా ఓము కన్నా తక్కువ వస్తే ఎక్కడో వైరు తొక్కుడు పడిందనో, పైపులో తడి ఉందనో అర్థం. ఆ లైనును సరిచేయకుండా ముందుకు పోకూడదు. తరువాత ఒక్కొక్క ఎంసీబీ ఎత్తుతూ ప్రతి సాకెట్టులో ఫేజు కుడివైపు ఉందో లేదో, ఎర్తు తగులుతోందో లేదో చూడాలి. ఆర్‌సీసీబీ మీది టెస్టు బటన్ నొక్కితే వెంటనే పడాలి. ఫేజుకు, ఎర్తుకు మధ్య బల్బు పెట్టి చూసే పాత అలవాటున్న ఎలక్ట్రీషియన్‌కు ఇక్కడ బల్బు వెలగకుండానే ఆర్‌సీసీబీ పడిపోతుంది; అది లోపం కాదు, ఆర్‌సీసీబీ చేయవలసిన పనే అది.

కాంట్రాక్టరు నుంచి సంతకంతో టెస్టు రిపోర్టు తీసుకోండి. ఏ ఎంసీబీ ఏ గదిదో తెలుగులో రాసి డీబీ తలుపు లోపల అంటించండి. దాని వెనకే వైరింగు పటం మడిచి పెట్టండి, గోడల ఫోటోలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. నెల రోజులు వాడాక ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పిలిచి, మెయిన్ ఆపించి, డీబీలోని స్క్రూలన్నీ ఇంకోసారి బిగింపించాలి. ఆ రెండో రాకకు ఇవ్వవలసిన కూలిని మొదటి ఒప్పందంలోనే రాసుకోండి, లేకపోతే అతను రాడు.